సావిత్రి మాట వినిపించదేం?

మొన్న మా క్లాసులో ఒక అమ్మాయి వేసిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి. జవాబు తెలియని ప్రశ్నలు రాకపోవు. అలాంటప్పుడు "మంచి ప్రశ్న వేశావమ్మా, రేపు చెప్పుకుందాం" అని పుస్తకం మూసేస్తే, ఈలోగా గంట కొడతారు, గండం గడుస్తుంది. మాస్టర్లందరికీ తెలిసిన కిటుకే ఇది. కాని ఈ ప్రశ్న గంట కొట్టిన తరువాత కూడా నన్ను వదల్లేదు. నేను బస్సెక్కితే తానూ ఎక్కింది. రాత్రి భోజనానికి కూర్చుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఆ రోజు పాఠం రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి' నవల. రావిశాస్త్రి అంటేనే చాలామందికి బాగా తెలుస్తుంది. 1922లో శ్రీకాకుళంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, విశాఖపట్నంలో ప్లీడరుగా జీవితమంతా గడిపి, 1993లో పోయిన మనిషి. కోర్టు వరండాలలో నిలబడ్డ పేదసాదల మాటని, యాసని, ఏడుపుని, వెటకారాన్ని తెలుగు కథలోకి తెచ్చిన మహా రచయిత. 'ఆరు సారా కథలు' చదివినవారికి ఆయన గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ కథలకన్నా ముందు, 1950 దశకం తొలి రోజులలో, ఆయన రాసిన చిన్న నవల ఈ 'అల్పజీవి'.

చదవని వారికోసం కథ టూకీగా చెబుతాను. సుబ్బయ్య ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. భయస్థుడు. ఆఫీసులో పైవాళ్ళంటే భయం. వీధిలో గట్టిగా మాట్లాడేవాళ్ళంటే భయం. ఇంట్లో భార్య సావిత్రి దగ్గర జంకు. ఆమె తోడబుట్టిన వెంకట్రావు దగ్గర మరీ జంకు. ఆ బావమరిది ఒత్తిడి పెడితే కాదనలేక గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర డబ్బు పుచ్చుకుంటాడు. డబ్బేమో బావమరిదికి, భయమేమో సుబ్బయ్యకి! అక్కణ్ణించి గవరయ్య నీడ కనిపిస్తే సుబ్బయ్య గుండె జారిపోతుంటుంది. ఇంతలో మనోరమ అనే మేస్టరమ్మ పరిచయమవుతుంది. ఇంట్లో పెదవి విప్పలేని మనిషి ఆమె ఎదుట మనిషిలా నిలబడడానికి ప్రయత్నిస్తాడు.

ఇదంతా చెప్పి, సుబ్బయ్య పిరికితనాన్ని కాస్త అభినయించి కూడా చూపించాను. క్లాసు గొల్లున నవ్వింది. క్లాసు నవ్వితే మాస్టరుకి అదొక నిషా. ఆ నిషాలో నేనుండగా మూడో బల్ల నుంచి ఒక అమ్మాయి లేచింది.

"మేస్టారూ! సుబ్బయ్య మనసులో ఏముందో మనకి పేజీలకి పేజీలు తెలుస్తుంది. మరి సావిత్రి మాట వినిపించదేం? ఆవిడ మనసులో ఏముందో ఎవరూ అడగరేం?"

అదీ ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఒక మాట గురించి మీతో తగువు తీర్చుకోవాలి. ఇంగ్లీషువారు ఐరనీ అనే దానికి మనం సాధారణంగా వ్యంగ్యం అంటున్నాం. ఈ మాట మనకి పాతది, అర్థం మాత్రం కొత్తది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతం చెప్పిన నాటినుంచీ అలంకారికులకు వ్యంగ్యమంటే మాటలలో పైకి చెప్పకుండా లోపల స్ఫురించే అర్థం. అది శృంగారం కావచ్చు, శోకం కావచ్చు. పొగుడుతున్నట్టు తిట్టడం, తిడుతున్నట్టు పొగడడం వ్యాజస్తుతి. గొంతు విరుపుతో మాట అర్థాన్ని తిరగేసి చెప్పడానికి కాకువు అని పేరు. వంటింట్లోంచి "ఆహా, ఎంత తొందరగా వచ్చారండీ!" అని వినిపించిందంటే మీరు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారన్నమాట. కాకువుకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ శాస్త్రంలోనూ లేదు.

అయితే నవలలో ఐరనీ అన్నది ఇంతటితో ఆగదు. అక్కడ తిరగబడేది మాట ఒక్కటే కాదు, బతుకు కూడా. మనిషి ఒకటి అనుకుంటాడు, జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. పాత్రకి తెలియనిది చదువరికి తెలుస్తుంది. మన అమ్మమ్మలు దీన్నే విధి వెక్కిరింత అన్నారు. మాటలోది వెటకారమైతే, ఇది వెక్కిరింత. రెంటికీ ఉన్న తేడా ఏమిటంటే, వెటకారం చేసినవాడు ఎదురుగా కనిపిస్తాడు, వెక్కిరించింది ఎవరో మాత్రం కనపడదు.

వారపత్రికల సీరియల్సు చదివే అలవాటున్న ఇళ్ళలో 'బలిపీఠం' తెలియనివారు తక్కువ. రంగనాయకమ్మగారు 1962 ప్రాంతంలో రాసిన నవల. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. 1975లో దాసరి నారాయణరావుగారి దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది. అందులో అరుణ బ్రాహ్మణ వితంతువు. ఇక బతకదని అందరూ అనుకున్న రోగి. ముత్తైదువుగా పోవాలన్నది ఆమె ఆఖరి కోరిక. భాస్కర్ ఆ రోజుల మాటలో హరిజన యువకుడు, ఆదర్శాలున్నవాడు. చనిపోబోయే మనిషి కోరిక తీర్చడం కోసం ఆమె మెడలో తాళి కడతాడు.

తీరా ఆమె బతికింది!

చూడండి ఆ తిరకాసు. చావు కోసం చేసుకున్న పెళ్ళితో ఇప్పుడు బతకాలి. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నది నూరేళ్ళ కాపురమై కూర్చుంది. చావుకి కులం అడ్డు రాలేదు, బతుకుకి వచ్చింది. తిండిలో, మాటలో, చుట్టాలలో, పిల్లల పెంపకంలో అడుగడుగునా వచ్చింది. ఆఖరికి అరుణ పశ్చాత్తాపంతో భర్త దగ్గరికి తిరిగివచ్చి, కోరుకున్నట్టే ముత్తైదువుగా కన్నుమూస్తుంది. కోరిక తీరింది, అది తీరే వేళకి జీవితం మిగలలేదు. సంఘటనలలో ఉండే ఐరనీకి ఇది చక్కని ఉదాహరణ. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. చదువుతున్న ఇల్లాలు వేడి అట్లకాడ చేతిలో పట్టుకునే "అయ్యో, ఎంత పని జరిగింది!" అనేస్తుంది.

మరొక రకం మనుషులలో ఉంటుంది. 1927 నాటి చలంగారి 'మైదానం' చూడండి. మెచ్చుకునేవారూ, మండిపడేవారూ ఈనాటికీ సమానంగానే ఉన్న నవల. రాజేశ్వరి వకీలు భార్య. ఆ కాపురం ఊపిరాడనివ్వదని అమీర్ అనే మహమ్మదీయ యువకుడితో వెళ్ళిపోతుంది. గోడలు లేవు, గడపలు లేవు, అడిగేవారు లేరు, బయలంతా వాళ్ళదే. కొంత కాలానికి మీరా అనే కుర్రవాడు వాళ్ళ మధ్యకి వస్తాడు. అంతే, మరొకరి భార్యను తీసుకువచ్చిన అమీర్ అచ్చమైన మొగుడైపోతాడు! అదే అనుమానం, అదే అధికారం. ఏ గోడలనించి పారిపోయి వచ్చారో ఆ గోడలే మైదానం నడుమ లేస్తాయి. ఆఖరికి అమీర్‌కి చావు, రాజేశ్వరికి జైలు. చలంగారి అభిప్రాయాలతో మీకు పేచీ ఉంటే ఉండవచ్చు. కాని ప్రేమ ఏ క్షణాన పెత్తనంగా మారుతుందో ప్రేమించినవాడికే తెలియదన్న నిజాన్ని ఆయన దాచలేదు. కథంతా రాజేశ్వరి చెప్పుకున్నదే. ఆమె వదిలి వచ్చిన భర్త మాట మాత్రం మనకి ఆయన నోట వినిపించదు.

ఇప్పుడు మళ్ళీ మన సుబ్బయ్య దగ్గరికి వద్దాం.

'అల్పజీవి'లో పెద్ద సంఘటనల మోత లేదు. చచ్చి బతకడాలు లేవు. పొద్దున్న లేచి ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చే గుమాస్తా కథ. ఇక్కడ ఐరనీ ఉన్నదల్లా పైకి కనిపించే సుబ్బయ్యకీ లోపలి సుబ్బయ్యకీ మధ్య. పైన చూస్తే నోట మాట రాని మనిషి. లోపల చూస్తే నిమిషం ఆగని వాగ్ధాటి! కోపాలూ, ఊహలూ, లెక్కలూ, పాత అవమానాలూ, రేపటి భయాలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ప్రవహిస్తాయి. రచయిత చెబుతున్నదేదో, సుబ్బయ్య అనుకుంటున్నదేదో గీత గీసి చూపించలేం. దీన్నే మన విమర్శకులు చైతన్య స్రవంతి అన్నారు. జేమ్స్ జాయిస్ పేరుతో కలిపి చెప్పుకున్నారు.

ఆ పోలికలో నాకొక ముచ్చట కనిపిస్తుంది. జాయిస్ రాసిన 'యులిసిస్' పుస్తకంగా వెలువడింది సరిగ్గా రావిశాస్త్రిగారు పుట్టిన 1922లోనే. అదీ ఒక రేవు పట్నం కథే, ఐర్లండులోని డబ్లిన్. లియొపోల్డ్ బ్లూమ్ అనే సామాన్యుడు 1904 జూన్ 16న ఊరంతా తిరుగుతాడు. ఇంటిదగ్గర భార్య మోలీ మనసు తనమీద లేదని అతనికి తెలుసు. ఆ ఎరుకని జేబులో పెట్టుకుని వీధులన్నీ తిరిగి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. అంతసేపూ మనం బ్లూమ్ పక్షమే. కాని జాయిస్ అక్కడితో ఆపలేదు. ఆఖరి అధ్యాయమంతా మోలీకి వదిలేశాడు. అర్ధరాత్రి నిద్రపట్టక ఆమె తనలో తాను అనుకునే మాటలు, ఆగకుండా, అడ్డం లేకుండా. అది చదివాక మనం అంతవరకూ వేసుకున్న లెక్కలన్నీ మళ్ళీ వేసుకోవలసి వస్తుంది.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. మోలీకి దొరికిన అధ్యాయం సావిత్రికి ఎందుకు దొరకలేదు?

రావిశాస్త్రిగారి తరఫున వకాల్తా పుచ్చుకుని ఒక జవాబు చెప్పవచ్చు. సుబ్బయ్య మనసులోనే మనల్ని కూర్చోబెట్టాడు కాబట్టి, అతనికి తెలియనిది మనకీ తెలియకూడదు. సావిత్రి మనసు సుబ్బయ్యకి తెలియదు. ఎన్నడూ అడగలేదు కనక తెలియదు. ఆ తలుపు మూసి ఉంచడంలోనే నవలకి బలముంది. మనం సుబ్బయ్య కళ్ళతో సావిత్రిని చూసి, ఆమె ఇంతే అని తీర్పు చెప్పేస్తున్నామంటే, పిరికివాడి కళ్ళద్దాలు మనమూ పెట్టుకున్నామన్నమాట. సుబ్బయ్యని చూసి నవ్వుతున్న మనమూ అతనిలాగే సావిత్రిని ఒక్క మాట అడగకుండా పుస్తకం మూసేస్తున్నాం. అతని భయంలో మనకీ వాటా వచ్చిందన్న సంగతి మనకే తెలియదు.

పేరు సంగతి కూడా ఆలోచించండి. అల్పజీవి ఎవరు? చదవడం మొదలుపెట్టినప్పుడు సందేహం లేదు, సుబ్బయ్యే. కొంత దూరం పోయాక, తనకి కావలసిన డబ్బుకి మరొకడిని ముందుకి తోసిన బావమరిది అల్పుడేమో అనిపిస్తుంది. డబ్బు ముఖం చూసి మనిషికి వెలకట్టే గవరయ్యలాంటివాళ్ళ లోకం అల్పమైనదేమో అనిపిస్తుంది. మనోరమ దగ్గర నిలబడిన సుబ్బయ్యా, ఇంట్లో నక్కి కూర్చున్న సుబ్బయ్యా ఒకే మనిషి. ఒళ్ళు మారలేదు, జీతం పెరగలేదు. మారిందల్లా ఎదురుగా కూర్చుని వినే మనిషి. వినేవాళ్ళని బట్టి మనిషి చిన్నా పెద్దా అవుతాడంటే, మనిషిని చిన్న చేసిన పాపంలో ఇంటిల్లిపాదికీ వంతుంటుంది.

ఈ ఆఖరి వాక్యం నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. నోట్సులో రాయించాను కూడా. కాని ఆ వాక్యంలోని ఇల్లు మా ఇల్లేనని మొన్నటిదాకా తట్టలేదు.

మా నాన్నగారు రేవు పక్కన ఒక ఆఫీసులో గుమాస్తా. 1933లో రేవు తెరిచిన నాటినుంచీ ఇలాంటి గుమాస్తాలని ఈ ఊరు ఎంతమందిని చూసిందో! లెక్కల పుస్తకం, మడత నలగని చొక్కా, చేతిసంచీ, ఎనిమిదిన్నరకి బయలుదేరడం, ఆరున్నరకి రావడం. మాట తక్కువ. మా మేనమామ దీనికి తలకిందులు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. 1966లో ఊరూవాడా ఉద్యమించి సాధించుకున్న ఫ్యాక్టరీకి 1971లో పునాదిరాయి పడి, 1992లో దాన్ని జాతికి అంకితం చేసేవరకూ గాజువాక వేపు చిన్నా పెద్దా కాంట్రాక్టులకి కొదవలేదు. మామయ్య అలాంటి చిన్న కాంట్రాక్టరు. స్కూటరు, చేతికి రాళ్ళ ఉంగరం, పెద్ద గొంతు. ఆదివారం ఆయన వస్తే మా ఇంటికి పండగ. నాన్నగారు తన పడక్కుర్చీ ఖాళీ చేసి వీధి గుమ్మం మెట్టు మీద కూర్చునేవారు. కోరిన కూర ముందు మామయ్య విస్తట్లో పడేది.

మామయ్య ఏదో పెద్ద పని దొరకబోతున్నదని చెబుతుండేవాడు. నాన్నగారు గొంతు సవరించుకుని, "అదికాదు బావగారూ..." అని మొదలుపెట్టేవారు. వెంటనే మా అమ్మ, "మీకేం తెలుసు, మీరూరుకోండి" అనేది. నాన్నగారు "అలాగే" అనేవారు. నా చిన్నతనమంతా ఆదివారాలలో ఈ మూడు మాటలే వినిపిస్తాయి. ఆయనకి నిజంగానే ఏమీ తెలియదని నేను నమ్మాను. ఒక వయసు వచ్చాక మా అమ్మ మాట నేనూ అనేవాణ్ణి.

మామయ్య చీటీ పాడుకుంటే నాన్నగారు జామీను సంతకం పెట్టారు. కాంట్రాక్టు కలిసిరాలేదు. మూడేళ్ళపాటు ఆ వాయిదాలు నాన్నగారి జీతంలోంచి పోయాయి. ఆ మూడేళ్ళూ ఆయన ఆఫీసుకి నడిచి వెళ్ళారు. అడిగితే "నడక మంచిదిరా" అన్నారు. ఎండలో నడిచివచ్చే నాన్నగారు మా స్నేహితులకి కనిపిస్తే నాకు సిగ్గుగా ఉండేది. అసలు సంగతి నేను ఉద్యోగంలో చేరాకగాని తెలియలేదు.

ఆయన రిటైరయ్యాక పొద్దుపోవడం లేదంటే ఒకసారి 'అల్పజీవి' తెచ్చి ఇచ్చాను. నాలుగు రోజులు కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ చదివారు. "ఎలా ఉంది?" అని అడిగాను. పుస్తకం మూసి నా చేతికిచ్చి, "ఆ ఇల్లాలు ఒక్కసారి 'మీరేమంటారు?' అని అడిగి ఉంటే ఇంత పుస్తకమూ పది పేజీలలో అయిపోయేదిరా" అన్నారు.

ఎంత చమత్కారం! నాకు బ్రహ్మాండంగా నచ్చింది. ఏటా ఆ పాఠం చెప్పేటప్పుడు "ఒక పాఠకుడు ఇలా అన్నాడు" అని ఆ మాట ఉదహరించేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. ఆ పాఠకుడు సాహిత్య విమర్శ చేశాడనుకున్నాను. ఆయన పోయి ఆరేళ్ళయింది.

మొన్న రాత్రి, మా అమ్మాయి ప్రశ్న పక్కన కూర్చుని ఉండగా, అన్నం తింటూ మా అమ్మకి సుబ్బయ్య కథ చెప్పాను. అమ్మ ఆ నవల చదవలేదు. అంతా విని, మజ్జిగ పోస్తూ, "ఆ సావిత్రిని ఎవరైనా అడిగారట్రా?" అంది.

మూడో బల్ల నుంచి వచ్చిన ప్రశ్నే వంటింట్లోంచి కూడా వచ్చింది. నేను చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాను. "అమ్మా! నాన్నగారిని నువ్వు అస్తమానూ ఊరుకోమనేదానివి కదా, ఎందుకూ?" అన్నాను. నలభై ఏళ్ళు దాటిన కొడుకు అడగవలసిన ప్రశ్న కాదు. పదేళ్ళప్పుడే అడిగి ఉండవలసింది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా చెప్పింది.

"మీ నాన్నకి అబద్ధం చేతకాదురా. మా అన్నయ్య మాటల్లో ముప్పాతిక డాబు. అది మీ నాన్నకి మొదటి మాటకే తెలిసిపోయేది, కాగితాలు చూసే మనిషి కదా. ఆయన నోరు విప్పితే అన్నయ్య పరువు పిల్లల ముందు పోయేది. పుట్టింటివేపు నాకు మిగిలినవాడు అన్నయ్య ఒక్కడే. అలిగి రావడం మానేస్తే నా గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. అందుకని ఆయన చెప్పకముందే నేనే ఊరుకోమనేదాన్ని. ఏమీ తెలియదని కాదురా నేనన్నది. అంతా తెలుసుననే."

నాకు గొంతులో మెతుకు దిగలేదు.

నాన్నగారి వేపునుంచి ఆలోచించండి. మామయ్యకి ఆయన భయపడలేదు. చీటీ కాగితం మీద సంతకం పెట్టేనాడే ఆ డబ్బు ఎవరు కట్టవలసి వస్తుందో కాగితాలు చూసే మనిషికి తెలియదా? తెలిసే పెట్టారు. పుట్టింటివాళ్ళ ముందు అమ్మ చిన్నబోకూడదని పెట్టారు. ఆమె కోసం ఆయన నోరు మూసుకున్నారు. తన అన్న కోసమూ, ఇంటి మర్యాద కోసమూ ఆమె ఆయన నోరు మూయించింది. ఇద్దరూ ఒకే దీపాన్ని చెరో చెయ్యీ అడ్డంపెట్టి కాపాడుతూ, ఎవరి మొహం ఎవరికీ కనపడకుండా నలభై ఏళ్ళు చీకట్లో కూర్చున్నారు. పక్కనే నేను, ఐరనీ మీద పాఠాలు చెప్పి జీతం పుచ్చుకుంటున్నవాణ్ణి, ఇద్దరిలో ఒకరిని పిరికివారనీ మరొకరిని గయ్యాళి అనీ లెక్కవేసుకున్నాను.

నవల చదివేవాడికి పాత్రలకన్నా ఎక్కువ తెలుస్తుందని పుస్తకాలలో రాస్తారు. అది నిజమే. కాని ఆ తెలివి పుస్తకం మూయగానే అయిపోతే దానివల్ల ప్రయోజనమేమిటి? సుబ్బయ్య లోపలి మాట వినడానికి రచయిత మనకి చెవులిచ్చాడు. ఆ చెవులతో పక్కగదిలో ఉన్న మనిషిని కూడా వినమనే కదా ఇచ్చింది! సుబ్బయ్యమీద జాలిపడి కళ్ళు తుడుచుకున్న చేత్తోనే మన ఇంటి సుబ్బయ్యని, మన ఇంటి సావిత్రిని "మీరూరుకోండి" అంటున్నామంటే, రావిశాస్త్రిగారి వ్యంగ్యం పుస్తకంలో అయిపోలేదన్నమాట. మన ఇంట్లో ఇంకా నడుస్తున్నదన్నమాట.

మర్నాడు క్లాసుకి వెళ్ళి ఆ అమ్మాయికి జవాబు చెప్పాను. "సావిత్రి అధ్యాయం రచయిత రాయలేదమ్మా. అడగనివాడికి అది వినిపించదు. ఈ ఆదివారం ఇంటికి వెళ్ళి మీ అమ్మగారినో, నాన్నగారినో ఏదైనా ఒక విషయం చెప్పి 'మీరేమంటారు?' అని అడుగు. వాళ్ళు చెప్పింది పరీక్షలో రాయనక్కరలేదు" అన్నాను. ఈసారి క్లాసు నవ్వలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రాత్రి మజ్జిగ గిన్నె తీస్తూ మా అమ్మ, "మీ నాన్న ఎప్పుడైనా నా గురించి నీతో ఏమన్నా అన్నారా?" అని అడిగింది. పది పేజీలలో అయిపోయేదన్న ఆయన మాట నా నాలుక చివర ఉంది. చెబితే ఆమె ఏమవుతుందో అని భయం వేసింది. "ఏమీ అనలేదమ్మా" అన్నాను. ఆమె "అలాగే" అని లోపలికి వెళ్ళిపోయింది. అచ్చం నాన్నగారిలాగే అంది.

అడగండి, చెప్పండి, దాచుకోకండి అని ఇంతసేపూ మీకు ధర్మపన్నాలు వల్లించిన మనిషి చేసిన పని ఇది. మా ఇంటి జబ్బు నాకూ వచ్చింది.

మా అమ్మ ఈ పత్రిక వారం వారం తప్పకుండా చూస్తుంది. ముందు సీరియల్ చదువుతుంది, తరువాత వంటల పేజీ, ఆ తరువాత కొడుకు రాశాడు కదా అని ఈ శీర్షిక. అందుకే ఎదురుగా చెప్పలేనిది ఇక్కడ రాశాను. అమ్మా! నాన్నగారు ఒక మాట అన్నారు. నువ్వు ఆయన్ని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండునన్నారు. నువ్వు ఎందుకు అడగలేదో ఇప్పుడు నాకు తెలుసు. ఆయన ఎందుకు చెప్పలేదో ఇప్పుడు నీకు తెలుసు. ఇది చదివాక ఒకసారి నన్ను పిలు. పక్కగదిలోనే ఉంటాను.